బాండు కాగితంలో లేని మాట

ప్రశ్న: మాది హనుమకొండ. మా చెల్లెలి భర్త పొలం దగ్గర మోటారు షాక్ కొట్టి చనిపోయేనాటికి వాళ్ల పాపకు 7 నెలలు. అప్పులు తీర్చడానికి చెల్లెలు కువైట్‌లో ఇంటి పనికి వెళ్తూ 14 నెలల పిల్లను నా చేతిలో పెట్టింది. ఊళ్లో పెద్దమనుషుల ముందు 100 రూపాయల బాండు కాగితం మీద 'పాపను పెంచి పెద్ద చేయడానికి మా అక్కాబావలకు అప్పగిస్తున్నాను' అని రాసి సంతకం చేసింది. ఇప్పుడు పాపకు 9 ఏళ్లు, నాలుగో తరగతి. నన్ను అమ్మా అని, మా ఆయన్ని బాపూ అని పిలుస్తుంది. చెల్లెల్ని చిన్నమ్మ అంటుంది. అసలు సంగతి పాపకు చెప్పలేదు. బడిలో, ఆధార్‌లో తల్లిదండ్రులుగా మా పేర్లే ఉన్నాయి. మాకు 17 ఏళ్ల కొడుకు ఉన్నాడు.

చెల్లెలు సంక్రాంతికి కువైట్ నుంచి పూర్తిగా వచ్చేసింది. శ్రావణంలో మెట్‌పల్లిలో ఒకాయన్ని పెళ్లి చేసుకుంది. దసరా తర్వాత పాపను పంపమంటోంది. వినాయక చవితికి వచ్చినప్పుడు గౌను తెచ్చింది, అది పాపకు పొట్టిదయింది. బిడ్డ ఎంత పెరిగిందో కూడా తెలియని తల్లికి బిడ్డ మీద హక్కేమిటి? అప్పటి నుంచి ఆమె ఫోను చేస్తే పాప నిద్రపోయిందని చెబుతున్నాను. పంచాయితీలో మా ఆయన 'ఇన్నేళ్ల ఖర్చు 6 లక్షలు ఇచ్చి తీసుకెళ్లండి' అన్నాడు. కొత్త మనిషి ఇంటికి ఆడపిల్లను ఎలా పంపను? బలవంతంగా తీసుకెళ్తే కిడ్నాప్ కేసు పెట్టవచ్చా? బాండు ఉంది కాబట్టి పాప చట్టప్రకారం మాదే కదా?
ఒక పెద్దమ్మ, హనుమకొండ

జవాబు: కాదమ్మా. చట్టప్రకారం పాప మీది కాదు. మీరు చివర్లో అడిగినదానికే ముందుగా, నాన్చకుండా జవాబు చెబుతున్నాను. ఎందుకంటే ఆ బాండును నమ్ముకుని మీరు వేస్తున్న అడుగులన్నీ మీకే నష్టం తెచ్చేలా ఉన్నాయి.

మన వైపు బాండు కాగితానికి ఉన్న గౌరవం ఇంతా అంతా కాదు. ప్లాటు అమ్మినా, చేబదులు ఇచ్చినా, అన్నదమ్ములు పంచుకున్నా, మొగుడూ పెళ్లాలు విడిపోయినా 100 రూపాయల కాగితం మీద నాలుగు ముక్కలు రాసి నలుగురు సాక్షి సంతకాలు పెడితే పని అయిపోయినట్టే. ఆ కాగితాన్ని బీరువాలో బంగారం పక్కన దాస్తారు. కోర్టు మెట్లెక్కిన రోజు గానీ దాని బరువు ఎంతో తెలియదు.

దత్తతకు 1956 నాటి హిందూ దత్తత, భరణాల చట్టం ఉంది. ఇచ్చేవాళ్లు ఇస్తున్నామనే ఉద్దేశంతో, పుచ్చుకునేవాళ్లు పుచ్చుకుంటున్నామనే ఉద్దేశంతో బిడ్డను చేతుల్లో పెట్టడం దానికి ప్రాణం. దత్తహోమం తప్పనిసరి కాదని ఆ చట్టమే చెబుతోంది. తండ్రి లేడు కాబట్టి మీ చెల్లెలు ఒక్కతే దత్తత ఇవ్వవచ్చు. మీకు కొడుకు ఉన్నా కూతురు లేదు కాబట్టి ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి అడ్డు లేదు. అంటే ఆ రోజు మీరంతా కావాలనుకుంటే దత్తత జరిగి ఉండేదే. కానీ జరగలేదు. మీరు ఉత్తరంలో రాసిన వాక్యాన్ని మూడుసార్లు చదివాను. 'పెంచి పెద్ద చేయడానికి' అని ఉంది, 'అప్పగిస్తున్నాను' అని ఉంది. 'దత్తత' అన్న మాట లేదు. ఆ కాగితం రాసిన మనిషి ఎవరో గానీ ఉన్నది ఉన్నట్టు రాశాడు.

దత్తత పత్రం రిజిస్టరు అయి, అందులో ఇచ్చినవాళ్ల, పుచ్చుకున్నవాళ్ల సంతకాలు ఉంటే కోర్టు దత్తత సక్రమంగా జరిగిందనే అనుకుని మొదలుపెడుతుంది. కాదన్నవాళ్లే రుజువు చేసుకోవాలి. మీ కాగితం రిజిస్టరు కూడా కాలేదనుకుంటాను. చెల్లిన దత్తతను ఆ తర్వాత ఎవరూ రద్దు చేసుకోలేరు, కన్నవాళ్లతో బంధం చట్టం దృష్టిలో తెగిపోతుంది. అంత పెద్ద మార్పు కాబట్టే, 'దత్తతే ఇచ్చింది' అని నోటితో అంటే కోర్టులు ఒప్పుకోవు. ఆధార్‌లో, బడి రిజిస్టరులో మీ పేర్లు ఉన్నంత మాత్రాన దత్తత అయిపోదు. పైగా జనన ధ్రువపత్రంలో ఒక తల్లి, బడి రికార్డులో ఇంకో తల్లి ఉంటే రేపు పాప ఐదో తరగతి గురుకుల ప్రవేశానికి కుల ధ్రువపత్రం అడిగిన రోజే చిక్కు మొదలవుతుంది. గొడవ ఎలా తేలినా ఆ పేర్లు సరిచేయించక తప్పదు.

(ఈ శీర్షిక చదివే లంబాడా, కోయ కుటుంబాలకు ఒక మాట: 1956 నాటి ఈ హిందూ చట్టాలు షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించవు. మీ ఆచారం ఏమిటో చూస్తారు. కాబట్టి ఈ జవాబును మీ ఇంటికి అచ్చంగా అన్వయించుకోవద్దు.)

సరే, కాగితం పోయింది. మరి మీకు మిగిలిందేమిటి? చాలా ఉంది. ఎనిమిదేళ్లు ఉన్నాయి.

అదే 1956లో వచ్చిన హిందూ మైనారిటీ (అంటే మైనరు పిల్లల), సంరక్షకత్వ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. ఆ వరుసలో పెద్దమ్మకు చోటు లేదు. కానీ అదే చట్టంలో 13వ సెక్షన్ అన్నిటికంటే బిడ్డ క్షేమమే ముందు అంటుంది. మీ చెల్లెలు కోర్టుకు వెళ్తే 1890 నాటి సంరక్షకుల చట్టం కింద పిటిషన్ వేస్తుంది. బ్రిటిషు వాళ్లు వాళ్ల రాజ్యానికి చేసుకున్న చట్టం అది. నిజాం ఏలుబడిలో ఉన్న మన తాతలకు దానితో పనే పడలేదు. ఇప్పుడు మన ఇళ్లలో పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేలుస్తున్నది అదే. పిల్ల మామూలుగా ఎక్కడ ఉంటుందో అక్కడి కోర్టే విచారించాలి అంటుంది ఆ చట్టం. కాబట్టి ఆమె మెట్‌పల్లి నుంచి ఇక్కడికే రావాలి. అదాలత్ సెంటర్ దగ్గర మీరు వస్తూ పోతూ చూసే కోర్టే. అక్కడ జడ్జి పాప వయసు, ఆడపిల్ల అన్న సంగతి, అడిగేవాళ్ల గుణం, స్తోమత, బంధుత్వం ఎంత దగ్గరిది అన్నవన్నీ చూస్తారు. ఆలోచించి చెప్పగల వయసు వస్తే పిల్ల ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని 17వ సెక్షన్ చెబుతోంది. తొమ్మిదేళ్ల పిల్లను జడ్జి తన గదిలోకి పిలిచి, లాయర్లు ఎవరూ లేకుండా మాట్లాడటం మామూలే. అక్కడ అడిగేది 'ఎవరి దగ్గర ఉంటావు' అని మాత్రమే కాదు. పొద్దున జడ ఎవరు వేస్తారు, జ్వరం వస్తే పక్కన ఎవరు పడుకుంటారు, చిన్నమ్మ ఫోను చేస్తే ఏం మాట్లాడుతావు అని అడుగుతారు. నేర్పించి పంపిన జవాబులు ఆ గదిలో రెండు నిమిషాలు కూడా నిలవవు. దయచేసి నేర్పించకండి.

ఇక కోర్టు ఎటు మొగ్గుతుందని మీరు తప్పకుండా అడుగుతారు. రెండు తీర్పులు చెబుతాను, రెండూ సుప్రీంకోర్టువే, రెండింటికీ మధ్య మూడు వారాలు కూడా లేవు. 2024 ఆగస్టు 20న వచ్చినదాంట్లో తల్లి 2021లో చనిపోయింది. ఆ కష్టంలో తండ్రి కూతురిని భార్య తరఫు వాళ్ల దగ్గర ఉంచాడు. తర్వాత మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, బిడ్డను అడిగితే వాళ్లు ఇవ్వలేదు. అవసరం కొద్దీ కొంతకాలం చుట్టాల దగ్గర ఉంచినంత మాత్రాన సహజ సంరక్షకుడికి బిడ్డను కాదనలేమని కోర్టు తండ్రికి అప్పగించింది. 2024 సెప్టెంబరు 6న వచ్చిన రెండోదాంట్లో తల్లి చనిపోయాక ఏడాది కూడా నిండని పాప తల్లి తోబుట్టువుల దగ్గర పెరిగింది. హైకోర్టు హెబియస్ కార్పస్ (అక్రమంగా ఉంచుకున్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) కింద పాపను తండ్రికి ఇవ్వమంది. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. బిడ్డ చరాస్తి కాదు, అలవాటైన చోటు నుంచి పెకలిస్తే ఏమవుతుందో చూడకుండా చేతులు మార్చలేమంది. తండ్రి వచ్చి చూసిపోయే వీలు కల్పించి, అసలు తగువు సంరక్షకత్వ పిటిషన్‌లో తేల్చుకోమంది.

మొదటి తీర్పును మీ చెల్లెలి లాయరు చదువుతాడు. రెండోది మీ లాయరు చదువుతాడు. మీ చెల్లెలి వైపు నుంచి చూస్తే మొదటిది ఆమెకు బాగా అతుకుతుంది: భర్త పోయాడు, అప్పులున్నాయి, బిడ్డను నమ్మకమైన చోట పెట్టి సంపాదించడానికి వెళ్లింది, డబ్బు పంపే ఉంటుంది. వదిలేసి పోయిన తల్లి అని ఆమెను ఏ జడ్జీ అనుకోడు. కాబట్టి మీకు పూర్తిగా గెలుపు దొరుకుతుందని నేను చెప్పను. కానీ ఉన్నపళంగా దసరాకి పిల్లను బస్సెక్కించమని కోర్టు అంటుందని కూడా అనుకోను. మీ బలం కాగితంలో లేదు, పాప రోజు గడిచే తీరులో ఉంది. ఆ బలాన్ని మీరు మూడు పనులతో చేజేతులా పాడు చేసుకుంటున్నారు.

మొదటిది ఆ 6 లక్షలు. మీ ఆయన పంచాయితీలో కోపంలో అన్నాడని నాకు తెలుసు. కానీ ఒక్కసారి ఎదుటి చెవితో వినండి. దత్తత తీసుకున్నామంటారు, మళ్లీ ఖర్చులిచ్చి తీసుకెళ్లమంటారు. సొంత బిడ్డకు పెట్టిన అన్నం ఖర్చు ఎవరైనా అడుగుతారా? ఆ ఒక్క మాటతో పాప మీ ఇంట్లో పరాయిదని మీరే ఒప్పుకున్నట్టయింది. దత్తతలో డబ్బు ఇచ్చిపుచ్చుకోవడాన్ని చట్టం నేరంగా చూస్తుంది. బిడ్డకు వెల కట్టినట్టు వినిపించే ఏ మాటైనా కోర్టులో మీ మెడకే చుట్టుకుంటుంది. పైగా మీ చెల్లెలు కువైట్ నుంచి ఎంత పంపిందో మీరు ఉత్తరంలో రాయనే లేదు. ఏమీ పంపకపోతే ఆ మాట మొదటి వాక్యంలోనే ఉండేది. ఆ లెక్క ఈ రోజుతో మూసేయండి. మీ ఆయన చేతనే పెద్దమనుషుల ముందు ఆ మాట వెనక్కి తీసుకునేలా చేయండి. కష్టమే, మగవాళ్లకు మరీ కష్టం.

రెండోది కిడ్నాప్ కేసు ఆలోచన. కన్నతల్లి, అందులోనూ తండ్రి లేని పిల్లకు సహజ సంరక్షకురాలు. తన హక్కు అని నమ్మి బిడ్డను తీసుకెళ్లిన తల్లి మీద ఆ కేసు నిలవడం కష్టం. అదీగాక పోలీసు స్టేషన్ గుమ్మంలో పెద్దమ్మ ఒకవైపు, చిన్నమ్మ ఒకవైపు అరుచుకుంటుంటే మధ్యలో నిలబడేది ఆ పిల్లే. బలవంతంగా తీసుకెళ్తుందేమోనన్న భయం ఉంటే మీరే ముందుగా కుటుంబ కోర్టులో పిటిషన్ వేసి, విచారణ ముగిసేవరకు పాప ఉన్నచోటే ఉండేలా తాత్కాలిక ఉత్తర్వు అడగవచ్చు. అది కోర్టు ఇచ్చే దారి. బడికి పంపకుండా దాచడం, పుట్టింటికి పంపేయడం దారులు కావు.

మూడోది ఫోను. దీని దగ్గర కాస్త ఆగుతాను. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి ఎనిమిదికి ఆ ఇంటి పని తెమిలి మీ చెల్లెలు ఫోను పట్టుకునేసరికి ఇక్కడ పదిన్నర. ఇన్నేళ్లలో ఎన్నో రాత్రులు మీరు 'పాప నిద్రపోయింది' అని చెప్పి ఉంటారు. అది నిజమే. ఆమె ఆ నిజాన్ని నమ్మి ఫోను పెట్టేసి ఉంటుంది. ఇప్పుడు మెట్‌పల్లిలో, హనుమకొండలో గడియారం ఒక్కటే. సాయంత్రం ఆరున్నరకు అదే మాట చెబితే ఆమెకు అర్థం కాదా? అర్థమయ్యే ఉంటుంది. ఇప్పుడు ఆమె పాత రాత్రులను కూడా అనుమానించడం మొదలుపెట్టి ఉంటుంది. మీరు కట్టుకున్న ఎనిమిదేళ్ల గోడలోంచి ఇటుకలు పీకుతున్నది మీరే.

ఆ గౌను సంగతి కూడా. మీరు ఎగతాళిగా రాశారు. నేను మరోలా చదివాను. ఆ ఉద్యోగాల్లో మామూలుగా రెండేళ్ల కాంట్రాక్టు ముగిస్తే గానీ ఇంటికి సెలవు దొరకదు. ఆమె చివరిసారి పాపను ఎత్తుకున్నప్పటి కొలతను కళ్లలో పెట్టుకుని, తన అంచనాతో కాస్త పెద్ద సైజే కొని ఉంటుంది. పిల్ల ఆ అంచనాను కూడా దాటి పెరిగింది, మీరు పెంచారు కాబట్టి. ఆ పొట్టి గౌను మీ ఇద్దరి కష్టాన్నీ ఒకేసారి చూపిస్తోంది. పారేయకండి. పాప కొలత ఇదీ అని చెల్లెలికి చెప్పడం మీ గౌరవానికి తక్కువేమీ కాదు.

కొత్త మనిషి ఇంటికి ఆడపిల్లను ఎలా పంపను అన్నారు. ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే బరువైన మాట ఇది. మీ భయాన్ని నేను తీసిపారేయను. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నంత మాత్రాన బిడ్డకు దూరం కావాలని ఏ చట్టమూ చెప్పదు. కానీ ఆ ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పాప ఎక్కడ పడుకుంటుంది, ఆయనకు ముందు పెళ్లి, పిల్లలు ఉన్నారా, తల్లి పనికి పోయిన వేళ పాప ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి అడిగి తీరాలి. నిందగా అడగవద్దు, ప్రశ్నగా అడగండి. వీలైతే మీరిద్దరూ మెట్‌పల్లి వెళ్లి ఆ ఇంట్లో ఒక పూట భోజనం చేసి రండి. ఇంకో చేదు నిజం కూడా వినండి: ఇదే ప్రశ్నను ఎదుటి లాయరు మీ 17 ఏళ్ల కొడుకును చూపించి తిప్పి అడుగుతాడు. మీ కొడుకు మంచివాడని మీకు తెలుసు. తన భర్త మంచివాడని మీ చెల్లెలు కూడా అంటుంది. అందుకే ఆరోపణలతో మొదలుపెడితే రెండు ఇళ్లూ కాలతాయి.

ఇప్పుడు మీరు ఉత్తరంలో ఒక్క వాక్యంతో దాటేసిన విషయం: 'అసలు సంగతి పాపకు చెప్పలేదు.'

మా దగ్గరి చుట్టాల్లో ఒకమ్మాయి ఇలాగే పెద్దమ్మ ఇంట్లో పెరిగింది. ఎవరూ చెప్పలేదు. ఆమె పెళ్లి కుదిరి లగ్నపత్రిక రాసే రోజు పంతులు పెన్ను పట్టుకుని గోత్రం అడిగాడు. చాప మీద కూర్చున్న ఇద్దరు మగవాళ్లు ఒకేసారి నోరు తెరిచి రెండు గోత్రాలు చెప్పారు. పెన్ను ఆగిపోయింది. నేను అప్పుడు వంటింటి గుమ్మంలో తాంబూలాల పళ్లెం పట్టుకుని ఉన్నాను. ఆ అమ్మాయి ఏడవలేదు. సాయంత్రం అందరూ వెళ్లాక ఒక్కటే అడిగింది: 'ఊళ్లో ఎవరెవరికి తెలుసు?' అందరికీ తెలుసు. కిరాణా కొట్టు ఆయనకు కూడా తెలుసు. ఆమెకు తప్ప. కన్నవాళ్లు ఇచ్చేశారన్న బాధ ఆమెకు ఏడాదిలో తగ్గింది. అందరికీ తెలిసి తనకు తెలియకపోవడం అన్న అవమానం ఇప్పటికీ, ఆమె పిల్లలు కాలేజీకి వెళ్తున్నా, మాటల్లో తగులుతూ ఉంటుంది.

మీ పాపకు ఎంతో కొంత ఇప్పటికే తెలిసి ఉండవచ్చు. బతుకమ్మ ఆడే చోట ముసలమ్మలు పిల్లల తలమీదుగా మాట్లాడుకునే మాటలు పిల్లలకు వినపడవని మనం అనుకుంటాం. కోర్టులో, పోలీసు స్టేషన్‌లో, బడిలో ఎవరో ఒకరు చెప్పేకంటే ముందే మీరు చెప్పాలి. మీరొక్కరే కాదు, మీ చెల్లెలు పక్కన కూర్చోవాలి. సెలవు రోజు పొద్దున, మీ ఇంట్లో, మగవాళ్లు బయటికి వెళ్లాక. పెద్ద కథ అక్కరలేదు. 'నిన్ను కన్నది చిన్నమ్మ. మీ నాన్న పోయాక అప్పులు తీర్చడానికి చిన్నమ్మ దూరం పోవాల్సి వచ్చింది. నిన్ను నేను పెంచాను. ఇద్దరం నీవాళ్లమే' అంటే చాలు. 'వదిలేసి పోయింది' అన్న మాట మీ నోట రాకూడదు. 'లాక్కుంది' అన్న మాట ఆమె నోట రాకూడదు. పాప ఎవరిని ఏమని పిలవాలో పాపకే వదిలేయండి. మన భాష ఈ విషయంలో దయగలది, పెద్దమ్మలోనూ అమ్మ ఉంది, చిన్నమ్మలోనూ అమ్మ ఉంది. పాప మిమ్మల్ని చివరిదాకా అమ్మా అనే పిలవవచ్చు, మీ చెల్లెలు దానికి సిద్ధపడాలి. ఆ సాయంత్రం పాప అన్నం తినకపోతే బలవంతం చేయకండి. రాత్రి లేచి మీ పక్కలోకి వస్తే జరగండి.

నేనైతే ఏం చేస్తానో చెబుతాను. పెద్దమనుషుల పంచాయితీకి మళ్లీ వెళ్లను. వాళ్ల మాట ఏ కోర్టునూ కట్టివేయదు, పైగా అక్కడ గెలవడం అంటే ఎదుటివాళ్ల పరువు తీయడం. కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్తాను. ఆడవాళ్లకు ఆదాయం ఎంత అని చూడకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. ఆ హక్కు మీకూ ఉంది, మీ చెల్లెలికీ ఉంది. కేసు వేయకముందే ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించమని అడగవచ్చు. రాజీ కుదిరి లోక్ అదాలత్ అవార్డుగా (అంటే తీర్పుగా) వస్తే అది కోర్టు డిక్రీతో సమానం. బాండు కాగితానికీ దానికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ఆ రాజీలో ఏం అడగాలి? ఈ చదువు సంవత్సరం పాప ఇక్కడే. నడిమధ్యలో బడి మార్చడం ఎవరికీ మంచిది కాదు, ఈ మాటకు మీ చెల్లెలు కూడా ఒప్పుకుంటుందనే అనుకుంటాను. దసరాకు ఆమె ఇక్కడికి రావాలి, సద్దుల బతుకమ్మ ముగ్గురూ కలిసి పేర్చండి. ఆ తర్వాత రెండు వారాలకోసారి ఆమె హనుమకొండ వచ్చి ఒక పూట గడపడం, సంక్రాంతి సెలవులకు పాప మెట్‌పల్లిలో నాలుగు రోజులు, మొదటిసారి మీరు వెంట వెళ్లి దించి రావడం. కరీంనగర్, జగిత్యాల మీదుగా పూటంతా పట్టే ప్రయాణం. పాప కిటికీ పక్కన కూర్చుని దారి నేర్చుకుంటే ఆ ఊరు మీద భయం తగ్గుతుంది. వేసవి సెలవుల్లో ఇంకొంచెం ఎక్కువ రోజులు. జూన్‌లో బడులు తెరిచేలోపు పాప మాట విని, ఏ ఊళ్లో ఐదో తరగతి చదవాలో అప్పుడు తేల్చుకోవాలి. మెట్‌పల్లి అయితే ఇవే సెలవులు అటు నుంచి ఇటు మీకు రావాలి. అది ఇప్పుడే రాయించుకోండి, చెల్లెలే కదా అని నోటిమాట మీద వదలకండి. పరిస్థితి మారితే ఇలాంటి ఏర్పాటును కోర్టు మళ్లీ మార్చగలదు, కాబట్టి ఇదే ఆఖరు అని ఎవరూ భయపడనక్కరలేదు.

మీ చెల్లెలు నిజంగా మనసు మార్చుకుని దత్తతకే ఒప్పుకుంటే అప్పుడు రిజిస్టరు చేయించుకోండి. కానీ ఆ మాట మీరు అడగవద్దు. ఎనిమిదేళ్లు పరాయి దేశంలో పరాయి పిల్లలకు అన్నం పెట్టి తిరిగి వచ్చిన మనిషిని సొంత బిడ్డను రాసిమ్మని అడగడానికి నాకైతే నోరు రాదు.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాప జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, ప్రోగ్రెస్ కార్డులు, ఆసుపత్రి చీటీలు తీసుకెళ్లండి. తల్లిగా బడి మీటింగుల్లో మీరు పెట్టిన సంతకాలు కూడా మీ వైపు మాట్లాడతాయి. బాండు అసలు ప్రతి ఇవ్వండి, దానికి లామినేషన్ చేయించకండి. ఇంకొకటి: కువైట్ నుంచి వచ్చిన డబ్బు రసీదులు, బ్యాంకు పుస్తకం కూడా అదే సంచిలో పెట్టండి. అవి మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే, మీ లాయరు వాటిని మీ చేతి నుంచే మొదట చూడాలి.